మళ్లీ మళ్లీ వచ్చే జ్వరం: డిగ్లీపూర్ చరిత్రలో ఒక పాయ

అండమాన్ దీవుల ఉత్తర భాగంలో, 732 మీటర్ల ఎత్తున్న శాడిల్ పీక్ పర్వతానికి ఉత్తరాన, ఏరియల్ బే రేవుకు చేరువలో, కల్పాంగ్ నది పారే పల్లపు నేలల్లో డిగ్లీపూర్ విస్తరించి ఉంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల సంతతి ఇక్కడ అధిక సంఖ్యాకులు కాగా, అడవి పనులకు కూలీలుగా వచ్చి నిలిచిపోయిన ఛోటానాగ్‌పూర్ ఆదివాసులు, మలయాళీలు, తమిళులు, శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలస వచ్చిన తెలుగు మత్స్యకారులు కూడా వారి సరసన స్థిరపడ్డారు. 2011 జనగణన లెక్కల్లో దీవుల మొత్తం జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. కేంద్ర ప్రభుత్వం విపత్తు నిర్వహణ చట్టం కింద విధించిన కోవిడ్ ఆంక్షలను 2022 మార్చి 31తో ముగించిన తరువాత, ఒకసారి సోకి తగ్గిన వ్యాధి మళ్లీ మళ్లీ సోకుతుంటే సమాజం దానితో ఎలా బతకాలన్న ప్రశ్న దేశమంతటికీ కొత్తగా ఎదురైంది గానీ, డిగ్లీపూర్ నేలకు ఆ ప్రశ్న పాతదే. ఈ ఒక్క తావులోనే రెండు శతాబ్దాల కాలంలో మూడు సమాజాలు దానికి మూడు విధాల సమాధానం చెప్పుకున్నాయి: ఒకటి విడిచిపోయింది, ఒకటి దాదాపు నశించింది, ఒకటి నిలిచింది.

విడిచిపోయినవారు ఈస్టిండియా కంపెనీవారు. లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో దక్షిణ అండమాన్‌లోని చాతమ్ లంకపై నెలకొల్పిన వలస ఆరోగ్యం విషయంలో మెరుగ్గానే సాగుతున్నా, నౌకాదళానికి ఇంతకన్నా అనువైన రేవు కావాలన్న ఆలోచనతో 1792లో దానిని ఉత్తర అండమాన్ తూర్పు తీరానికి, నేటి డిగ్లీపూర్ పరిసరాలలోని రేవుకు తరలించి, పోర్ట్ కార్న్‌వాలిస్ అని పేరు పెట్టారు. నౌకలకు నచ్చిన ఆ రేవు మనుషులకు అచ్చిరాలేదు. వర్షాకాలం వచ్చిన ప్రతిసారీ జ్వరాలు ప్రబలి ఖైదీలు, కూలీలు, సిపాయిలు వరుసగా మరణించగా, నాలుగేళ్లు భరించిన కంపెనీ 1796లో వలసను పూర్తిగా ఎత్తివేసి, సుమారు 270 మంది ఖైదీలను పినాంగ్‌కు, స్వేచ్ఛగా వచ్చిన సుమారు 550 మందిని బెంగాల్‌కు పంపివేసింది. జ్వరం చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి వల్ల వస్తుందని నమ్మిన నాటి వైద్యానికి ఆ తావును విడవడం తప్ప వేరే మందు తోచలేదు. ఆ మందు వాడుకోవడానికి కంపెనీకి ఓడలూ ఉన్నాయి, పోవడానికి మరో చోటూ ఉంది. ఈ ద్వీపాల మలేరియా గుట్టు చాలా కాలం తరువాత, 1912లో, ఎస్.ఆర్. క్రిస్టోఫర్స్ అనే వైద్య పరిశోధకుడు పోర్ట్ బ్లెయిర్ పరిసరాలను పరిశీలించి, సముద్రపు పోటు నిలిచే ఉప్పునీటి చిత్తళ్లలో పెరిగే ఒక జాతి దోమే కారణమని చెప్పినప్పుడు గాని తేలలేదు.

నశించినవారు ఆ అడవులకు అసలు హక్కుదారులైన గ్రేట్ అండమానీయులు. వీరిలో చారి, కోరా, బో, జేరు అనే తెగలు ఉత్తర అండమాన్‌లో నివసించేవి. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షా వలస తిరిగి ఏర్పడిన తరువాత ప్రభుత్వం ఆదిమవాసులను మచ్చిక చేసుకోవడానికి ‘అండమాన్ హోమ్’ అనే వసతి గృహాలు నడిపింది. అక్కడికి వచ్చి పోయేవారి వెంట కొత్త రోగాలు కూడా అడవిలోకి ప్రయాణించాయి; సుఖవ్యాధులు అంతకుముందే వ్యాపించి ఉండగా 1877లో తట్టు, అంటే ఒంటినిండా ఎర్రని దద్దుర్లు పోసే జ్వరం, గ్రేట్ అండమాన్ అంతటా పాకి పెద్ద సంఖ్యలో ప్రాణాలు తీసింది. ఆనాటి బయటి సమాజంలో తట్టు పిల్లల జబ్బు, ఎందుకంటే పెద్దల్లో దాదాపు అందరికీ చిన్ననాడే అది వచ్చి పోయి ఉండేది. ఏనాడూ ఆ వ్యాధి ఎరుగని సమాజంలో అది పిల్లలను, తల్లులను, వేటకు వెళ్లే మగవారిని ఒకేసారి మంచాన పడవేస్తుంది గనుక నీళ్లు అందించే మనిషి కూడా మిగలడు. జనగణనలో 1901లో 625గా నమోదైన గ్రేట్ అండమానీయుల సంఖ్య 1931 నాటికి 90కి, 1961 నాటికి 19కి పడిపోయింది. వ్యాధిని దాని దారిన పోనిస్తే ప్రజలకు దానంతట అదే నిరోధక శక్తి అబ్బుతుందని కోవిడ్ కాలంలో తేలికగా మాట్లాడినవారు ఈ అంకెలను చూడవలసింది. మిగిలిన కొద్దిమందిని తరువాతి కాలంలో స్ట్రెయిట్ ఐలండ్ అనే చిన్న ద్వీపంలో ఉంచారు. 2020 ఆగస్టులో వారిలో పదిమందికి కోవిడ్ సోకినట్లు తేలగా, పరీక్షలు, ఆస్పత్రి, ఏకాంతవాసం సకాలంలో అందడంతో వారు కోలుకున్నారు.

నిలిచినవారికి పోవడానికి మరో చోటు లేదు. దేశ విభజనతో ఇల్లూ పొలమూ కోల్పోయిన తూర్పు బెంగాల్ కుటుంబాలను 1949 నుంచి అండమాన్‌కు తరలించడం మొదలుపెట్టిన ప్రభుత్వం, ముందు దక్షిణాన, తరువాత మధ్య అండమాన్‌లో, 1950ల నడిమి నుంచి డిగ్లీపూర్ ప్రాంతంలో వారికి భూములిచ్చింది. అంతకుముందే, 1951లో, ఉత్తర అండమాన్ అడవులను కలప కోసం పి.సి. రే అండ్ కంపెనీకి కౌలుకు ఇచ్చి ఉండటంతో, ఒకవైపు గుత్తేదారు కూలీలు మహావృక్షాలను పడగొడుతుంటే మరోవైపు రైతులు లోయలను మడులుగా మలిచారు. వరితో పాటు పశువులు వచ్చాయి, ధాన్యం కోసం ఎలుకలు పెరిగాయి, ఏడాదిలో ఎక్కువ నెలలు వానలు పడే చోట పశువులూ ఎలుకలూ మనుషులూ ఒకే బురదను పంచుకున్నారు. ఆకలిని తీర్చిన ఈ ఏర్పాటే కొత్త జ్వరానికి ఇల్లయింది.

1980ల చివర, ముఖ్యంగా 1988 నుంచి, వానలు వెనుకబట్టి కోతలు దగ్గరపడే అక్టోబర్, నవంబర్ నెలల్లో డిగ్లీపూర్ ఆస్పత్రికి ఒక విచిత్రమైన జ్వరంతో రోగులు రాసాగారు. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, పిక్కలు పట్టుకుపోయే ఒళ్లునొప్పులతో మొదలై, కొందరిలో దగ్గితే రక్తం పడటం, ఊపిరితిత్తులలోనే రక్తస్రావమై కొద్ది రోజులలో ప్రాణం పోవడం జరిగేది. కారణం తెలియక దీనిని ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అని పిలిచారు. ఏదో కొత్త వైరస్ అన్న అనుమానం ఆ పేరులోనే ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో భారత వైద్య పరిశోధన మండలి 1983లో స్థాపించిన ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు ఎస్.సి. సెహగల్ నాయకత్వంలో 1993 నాటి ప్రకోపాన్ని పరిశోధించి, ఇది లెప్టోస్పైరోసిస్ అని నిర్ధారించారు. పత్రికలు ఎలుక జ్వరంగా పేర్కొనే ఈ వ్యాధికి కారణం లెప్టోస్పైరా అనే, మరమేకులా మెలితిరిగిన సూక్ష్మజీవి. అది ఎలుకలు, పశువులు, పందులు వంటి జంతువుల మూత్రపిండాలలో వాటికి పెద్దగా హాని చేయకుండా కాపురముండి, మూత్రం ద్వారా నీటిలో, తడి నేలలో చేరి, మనిషి కాళ్ల పగుళ్ల గుండా, గాయాల గుండా, కంటి పొరల గుండా ఒంటిలోకి ప్రవేశిస్తుంది.

ఇక్కడ చరిత్రకారుడు కాసేపు ఆగవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ వ్యాధి అండమాన్‌కు కొత్త కాదు; టేలర్, గోయల్ అనే వైద్యులు పోర్ట్ బ్లెయిర్‌లో దీనిని గుర్తించి, రోగుల నుంచి సూక్ష్మజీవిని వేరుచేసి, 1931లోనే ఒక గ్రంథంగా ప్రచురించారు. తరువాత శిక్షా వలస మూతపడింది, యుద్ధం వచ్చింది, జపాన్ ఆక్రమణ వచ్చింది, పరిపాలన మారింది, పరీక్ష చేసే చేతులు లేకుండా పోయాయి. సూక్ష్మజీవి మాత్రం ఎక్కడికీ పోలేదు. దాదాపు అరవై ఏళ్లపాటు అది మలేరియా పేరుతోనో, కామెర్ల పేరుతోనో, పేరే లేని జ్వరంగానో మనుషులను పట్టుకుని ఉండాలి. తెలిసిన జబ్బును మరచిపోవడం వల్ల, అప్పటికే చవకగా దొరుకుతున్న పెన్సిలిన్‌తో నయమయ్యే రోగులు కూడా కొత్త జ్వరమన్న పేరుతో మరణించారు. డిగ్లీపూర్ కథలో అన్నింటికన్నా బాధాకరమైన ఘట్టం ఇదే.

నిర్ధారణ జరిగినంత మాత్రాన జ్వరం పోలేదు. లెప్టోస్పైరాలో 200కు పైగా సీరోవార్‌లు, అంటే పైపొర రసాయన నిర్మాణంలో తేడాను బట్టి విడదీసే రకాలు, ఉన్నాయి; ఒక రకం సోకి కోలుకున్న శరీరం ప్రధానంగా ఆ రకాన్నీ దాని దగ్గరి చుట్టాలనూ మాత్రమే అడ్డుకోగలదు గనుక, మరో ఏడు మరో రకంతో అదే రైతు మళ్లీ మంచం పట్టవచ్చు. పైగా పొలంలో దిగవద్దని ఆంక్ష పెట్టడం ఇక్కడ అయ్యే పని కాదు. మనిషి నుంచి మనిషికి సాధారణంగా అంటని జబ్బుకు లాక్‌డౌన్ వల్ల ప్రయోజనం లేదు, మడిలో దిగని రైతుకు అన్నం లేదు. ఈ చిక్కులో నుంచే ఉత్తర అండమాన్‌లో ఒక ముఖ్యమైన ప్రయోగం జరిగింది. 782 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు వారానికి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, మరో జట్టుకు మందు లేని మాత్ర ఇచ్చి పరిశీలించగా, రక్త పరీక్షలో సూక్ష్మజీవి సోకిన ఆనవాళ్లు రెండు జట్లలోనూ ఇంచుమించు సమానంగానే కనిపించాయి గానీ, జబ్బుపడినవారు మందు తీసుకోని జట్టులో 6.82 శాతం ఉండగా తీసుకున్న జట్టులో 3.11 శాతమే ఉన్నారు. 2000లో ప్రచురితమైన ఈ ఫలితం చెప్పిన సంగతి సూటిగా ఉంది: సోకడాన్ని ఆపలేకపోయినా, సోకినది రోగంగా ముదరకుండా సగానికి సగం తగ్గించవచ్చు.

సుమారు ఇరవై ఏళ్ల తరువాత కోవిడ్ టీకాల విషయంలో ప్రపంచమంతా తర్జనభర్జన పడిన అంశం ఇదే. టీకా వేసుకున్నా ఒమిక్రాన్ రకం సోకుతున్నదని చాలామంది దానిని వ్యర్థమన్నారు; ఆస్పత్రి పాలు కావడాన్నీ మరణాన్నీ అది బాగా తగ్గించిందన్న మాట ఆ గోలలో వెనుకబడింది. అయితే రెండు వ్యాధులకూ పోలిక ఒక మేరకే చెల్లుతుంది. లెప్టోస్పైరా నేలను అంటిపెట్టుకుని ఋతువును పాటిస్తుంది, జాగ్రత్త పడవలసిన నెలలేవో రైతుకు తెలుసు. కరోనా వైరస్ ఊపిరి మీద ప్రయాణిస్తూ, తన పైపొరను మార్చుకుంటూ, ఏ నెలలోనైనా వస్తుంది. అమెరికా మాజీ సైనికుల వైద్య రికార్డులను పరిశీలించి 2022 నవంబర్‌లో వెలువడిన ఒక అధ్యయనం, రెండోసారి మూడోసారి సోకినవారిలో గుండె, ఊపిరితిత్తుల సమస్యల ముప్పు ఒక్కసారే సోకినవారికంటే ఎక్కువని చూపింది. ఆ సైనికులలో అధికులు వయసు మళ్లిన మగవారు కాబట్టి ఫలితాన్ని అందరికీ అంతే మోతాదులో వర్తింపజేయలేము గానీ, తరచూ సోకడం నిరపాయకరమన్న ధీమాకు ఆధారం లేదని మాత్రం అది స్పష్టం చేసింది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించేటప్పుడు, వ్యాధి ముగిసిందని చెప్పలేదు. ఆంక్షలు పోవడం సమంజసమే. ఓడ వస్తే గాని బియ్యం, మందులు రాని దీవులలో ఆంక్షల భారం ప్రధాన భూమి కన్నా ఎక్కువగా పడింది. కాని ఆంక్షలతో పాటు పరీక్షలు కూడా దేశమంతటా పలుచబడటంతో, ఎవరికి ఎన్నోసారి సోకిందో లెక్క లేకుండా పోయింది. 1931 తరువాత అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్‌కు పట్టిన గతి అదే.

ఎలుక జ్వరం డిగ్లీపూర్‌కే పరిమితమైనది కాదు; వరి, పశువులు, ఎలుకలు, నిలువ నీరు కలిసిన కృష్ణా, గోదావరి డెల్టాలలో కూడా అందుకు కావలసిన పరిస్థితులన్నీ ఉన్నాయి. కాబట్టి వానల తరువాత జ్వరంతో ఆస్పత్రికి వెళ్లే తెలుగు పాఠకులు తాము మడిలోనో మురుగులోనో దిగిన సంగతి, కాలికి పగుళ్లో గాయాలో ఉన్న సంగతి, కోవిడ్ ఎన్నిసార్లు ఎప్పుడెప్పుడు సోకిందన్న సంగతి వైద్యుడు అడగకపోయినా చెప్పాలి, పరీక్ష రాయమని అడగాలి.