కొత్త నాటకానికి నీడనిచ్చిన సభలు, పరిషత్తులు

కథకూ కవితకూ అచ్చుయంత్రం చాలు. నాటకానికి నటులు కావాలి, రిహార్సళ్లకు ఒక గది కావాలి, ఒక రాత్రికైనా వేదిక కావాలి, బాగోగులు మొహం మీదే చెప్పగల ప్రేక్షకులు కావాలి. ఇవన్నీ సమకూర్చుకోవడం ఒంటరి రచయితకు సాధ్యమయ్యే పని కాదు. అందుకే నూట నలభై ఏళ్లు దాటిన ఆధునిక తెలుగు నాటక చరిత్రను రచయిత వైపు నుంచి చూస్తే, ప్రతి మలుపులోనూ ఒక సభో, సమాజమో, పరిషత్తో కనిపిస్తుంది. మన నాటకకర్తల పేర్లు అంతో ఇంతో గుర్తుంచుకున్నాం. వారికి వేదిక ఇచ్చిన సంస్థలను తలుచుకోవడం మాత్రం తక్కువే.

మొదటి అడుగు రాజమహేంద్రవరంలో పడింది. 1880లో ధార్వాడ నాటక సమాజం వచ్చి ఆడిన నాటకాలు ఆ ఊరిని ఊపేశాయి. కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులను కూడగట్టి, న్యాయవాద వృత్తిలోని అక్రమాలను ఎండగట్టే తన ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించారు. రాసినవారే నటులను తయారుచేసుకుని రంగస్థలం మీదికి తెచ్చిన ఆ ప్రయత్నమే మన ఆధునిక నాటకానికి నాంది. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకోవడం సముచితమే. అదే ఊళ్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నడిపిన నాటక సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రాశారు. ఆ సమాజంలో వేషాలు వేసిన కుర్రవాడే తర్వాత ఆంధ్రకేసరి అయిన టంగుటూరి ప్రకాశం.

అయితే సంస్థ అనే మాటకు నిండైన అర్థం తెచ్చింది బళ్లారి. ఒకే ఊళ్లో ఇద్దరు వకీళ్లు, రెండు సభలు. ధర్మవరం రామకృష్ణమాచార్యులది సరస వినోదిని, కోలాచలం శ్రీనివాసరావుది సుమనోరమ. 1887లో ‘చిత్రనళీయం’తో మొదలైన ధర్మవరం వారు పాటను నాటకంలోకి తెచ్చారు, ‘విషాద సారంగధర’తో విషాదాంతాన్ని తెలుగు ప్రేక్షకుడికి పరిచయం చేశారు. కోలాచలం వారు చరిత్ర వైపు తిరిగి విజయనగర పతనాన్ని రంగస్థలానికి ఎక్కించారు, ప్రపంచ నాటక చరిత్రను గ్రంథస్థం చేశారు. ఈ పోటీలో వైరం కన్నా ఉత్సాహమే ఎక్కువని నా నమ్మకం. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ కోలాచలం వారి నాటకంలో పఠాన్ రుస్తుంగా పేరు తెచ్చుకోవడమే అందుకు సాక్ష్యం. సరస వినోదిని వారు మద్రాసు వెళ్లి ఆడిన నాటకాలు చూసే పమ్మల్ సంబంధ ముదలియార్ 1891లో సుగుణ విలాస సభను స్థాపించారు. తమిళ నాటకపు ఒక పెద్ద మలుపు వెనుక బళ్లారి తెలుగువారు ఉన్నారన్నది గర్వించదగ్గ సంగతి. నేడు బళ్లారి కర్ణాటకలో ఉంది. ఆ చరిత్ర మాత్రం మనది కూడా.

1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ‘కన్యాశుల్కం’ ప్రదర్శించింది. పుస్తకంగా వచ్చింది ఆ తర్వాత, 1897లో. ముందు వేదిక, పిమ్మట అచ్చు. గురజాడ అక్కడితో ఆగలేదు. 1909 నాటికి అయిదంకాల నాటకాన్ని ఏడంకాలకు పెంచి, మధురవాణిని మరింత మెరుగుదిద్ది, దాదాపు కొత్త నాటకమే చేశారు. ఈనాడు మనం చదివేదీ ఆడేదీ ఈ రెండో కూర్పే. నాటకం ఒక్క విడతలో పుట్టదని చెప్పడానికి తెలుగులో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు.

ఆ తర్వాతి దశాబ్దాలు పద్యానివి. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు ఊరూరా మోగాయి. చదువురాని రైతు కూడా పద్యం ఎత్తుకున్నాడు. ఆ మేలు కాదనలేం. కాని కాంట్రాక్టు నాటకాలు పెరిగాక తలా ఒక ఊరి నుంచి ప్రసిద్ధ నటులు దిగి, కలిసి ఒక్క రిహార్సలైనా చేయకుండా రంగం మీద పద్యాల పోటీ పడేవారు. వన్స్‌మోర్ల మధ్య కథ ఆగిపోయేది. కొత్తగా రాసేవాడికి చోటు లేకుండా పోయింది.

ఈ దశలో 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. సురభి వనారస గోవిందరావు పూనికతో, నటులూ రచయితలూ ఒకచోట చేరి నాటకం బాగోగుల గురించి ఆలోచించారు. కాలక్రమంలో పరిషత్తు పోటీలు పెట్టింది, ఆ పోటీలే నాటకం రూపురేఖలు మార్చాయి. రాత్రంతా సాగే పద్యనాటకం స్థానంలో గంటలో ముగిసే సాంఘిక నాటిక వచ్చింది. కిరీటాలు తీసేసి గుమాస్తా చొక్కా తొడుక్కుంది. ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’ ఆ మార్పుకు నిలువెత్తు గుర్తు. మరో వైపు 1943లో రూపుదిద్దుకున్న ప్రజానాట్యమండలి సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రాసిన ‘మాభూమి’ని పల్లెపల్లెకూ తీసుకుపోయింది, చివరకు మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి కాలేజీ కుర్రాళ్లను నాటకానికి అలవాటు చేశారు. గొల్లపూడి మారుతీరావు ఆ వాతావరణంలో ఎదిగినవారే.

అరవైలు, డెబ్బైలు పరిషత్తు నాటకానికి పంట కాలం. వృత్తిరీత్యా వైద్యుడైన కొర్రపాటి గంగాధరరావు, ‘మరో మొహెంజొదారో’తో ప్రయోగానికి తలుపు తెరిచిన ఎన్.ఆర్.నంది, ‘కొడుకు పుట్టాల’ రాసిన గణేశ్ పాత్రో, ‘కళ్లు’ రాసిన గొల్లపూడి ఒకరి వెంట ఒకరు వచ్చారు. ‘కళ్లు’ 1988లో సినిమాగానూ వచ్చింది. ఆత్రేయ మొదలు గణేశ్ పాత్రో దాకా ఎందరినో సినిమా తీసుకుపోయింది. ఆ వలసను నష్టంగా లెక్కించేవారున్నారు. పరిషత్తులు వెంటనే మరో తరాన్ని తయారు చేయగలిగాయన్నది నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది.

1998లో ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలుపెట్టింది. పాటిబండ్ల ఆనందరావు ‘పడమటి గాలి’ వంటి పెద్ద నాటకానికి ఆదరణ దక్కిన కాలమది. ప్రవాసాంధ్రుల చొరవతో నడిచే అజో-విభొ సంస్థ కథానాటికల పోటీలతో మంచి కథలను నాటకకర్తల చేతికందించి, కొత్త నాటికలుగా మలిపించింది. గుంటూరు సీమలోని పల్లెకోన, లింగారావుపాలెం వంటి పల్లెలు సొంత పరిషత్తులు నడపడం నా దృష్టిలో వీటన్నిటికన్నా గొప్ప సంగతి. ఒక సమాజం కొత్త నాటిక సిద్ధం చేస్తుంది. ముందుగా పరిశీలకులు చూసి ఎంపిక చేస్తారు. పోటీ రాత్రి ఊరంతా కూర్చుని చూస్తుంది. ఉత్తమ రచనకు విడిగా బహుమతి ఉంటుంది. ఒక ఊళ్లో తేలిపోయిన సన్నివేశాన్ని రచయిత మరుసటి ఊరికి దిద్దుకుని వెళతాడు. పరిషత్తు కొలతకు సరిపోయేలా రాయడం వల్ల నాటికలన్నీ ఒకే మూసలో పడుతున్నాయన్న విమర్శలో నిజముంది. అయినా సినిమాకూ టీవీకీ ఎదురొడ్డి ఏటా కొత్త రచన పుట్టేలా చేస్తున్నది ఈ ఏర్పాటే.

లోటు మరో చోట ఉంది. బహుమతులు పొందిన నాటికలు చాలా వరకు నటుల చేతుల్లోని డీటీపీ కాగితాల్లోనే మిగిలిపోతున్నాయి. పరిషత్తుల నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే: ప్రతి ఏడాది పోటీలు ముగిశాక ఆ నాటికలను సంపుటంగా అచ్చు వేయండి, మరో సమాజం ఆడినప్పుడల్లా రచయితకు పారితోషికం అందేలా చూడండి.