తొలేదో: కట్టడాల నగరంలో మరుగునపడిన వాడుకభాష

మాడ్రిడ్ నుండి వేగవంతమైన రైలులో తొలేదో చేరడానికి అరగంటకు కొంచెం పైన పడుతుంది. అందువల్ల యాత్రికులలో ఎక్కువమంది ఈ నగరాన్ని ఒక్కరోజులో చూసి వెళ్లిపోతారు. తాహో నది మూడువైపులా చుట్టిన ఈ కొండమీద మూడు మతాల కట్టడాలూ నడకదూరంలోనే ఉన్నాయి. క్రీ.శ. 999 నాటి చిన్న మసీదు తరువాతి కాలంలో చర్చి అయింది. యూదుల ప్రార్థనామందిరం ఒకటి 15వ శతాబ్ది ఆరంభంలో సాంతా మరియా లా బ్లాంకా చర్చిగా మారింది. 1226లో ఆర్చిబిషప్ రోద్రిగో హిమేనెజ్ దె రాదా కాలంలో మొదలైన కెథెడ్రల్ సైతం పూర్వపు పెద్దమసీదు స్థలంలోనే లేచింది. వీటిని చూపి తొలేదోను "మూడు సంస్కృతుల నగరం" అనడం పరిపాటి. వినసొంపైన మాటే. అయితే చేతులు మారిన కట్టడాలు అధికారం ఎవరి వశమైందో చెబుతాయి గాని, సహజీవనానికి సాక్ష్యం కాజాలవు.

ఆ సాక్ష్యాన్ని అనువాదాలలో వెదకడం సమంజసం. 1085లో ఆరవ అల్ఫోన్సో నగరాన్ని వశపరచుకున్న తరువాత కూడా అరబిక్ గ్రంథాలు, వాటిని చదవగలవారు ఇక్కడ మిగిలారు. 12వ శతాబ్దంలో లాటిన్ పండితులు వారిని వెదుక్కుంటూ వచ్చారు. "తొలేదో అనువాద పాఠశాల" అన్నది తరువాతి చరిత్రకారులు పెట్టిన పేరు. దానిని నేటి విశ్వవిద్యాలయ శాఖవంటిదిగా ఊహించుకోరాదు. జరిగినది ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని చేసిన పని. ఇబ్న్ సీనా ఆత్మవిచార గ్రంథానికి రాసిన అంకితపీఠికలో అవెందౌత్ అనే యూదు పండితుడు ఈ పద్ధతిని వివరించాడు. ఆయన అరబిక్ మూలంలోని ఒక్కొక్క మాటను వాడుకభాషలో చెప్పగా, దొమినికుస్ గుందిసాలినుస్ దానిని లాటిన్‌లోకి మార్చాడు. క్రెమోనాకు చెందిన గెరార్డ్ తొలేమీ 'అల్మజెస్ట్'ను అనువదించినప్పుడు గాలిబ్ అనే అరబిక్ తెలిసిన క్రైస్తవుడు దానిని "తొలేదో భాష"లో వినిపించాడని సమకాలికుడైన డేనియల్ ఆఫ్ మోర్లీ నమోదు చేశాడు. 1175 నాటి ఆ అనువాదం గెరార్డ్ పేరుమీదనే నిలిచింది. గాలిబ్ పలికిన మధ్యభాష గాలిలో కలిసిపోయింది.

13వ శతాబ్దంలో ఈ వరుస మారింది. 1221లో తొలేదోలోనే పుట్టిన పదవ అల్ఫోన్సో కొలువులో ఆ మధ్యభాషే, అంటే కాస్తీలియనే, గమ్యభాష అయింది. ఖగోళశాస్త్రం, న్యాయం, చరిత్ర అందులో గ్రంథస్థమయ్యాయి. లాటిన్ మెట్టు అవసరం లేకపోవడం చిన్న విషయం కాదు. యువరాజుగా ఉన్నప్పుడే, 1251 ప్రాంతంలో, ఆయన ఆదేశంపై వెలువడినదని చెప్పే 'కలీలా ఎ దిమ్నా' తెలుగు పరిశోధకులకు కొత్త కథ కాదు. మన పంచతంత్రమే పహ్లవీ మీదుగా, 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేతిలో అరబిక్‌గా మారి, అక్కడికి చేరింది. దూబగుంట నారాయణకవి దానిని 15వ శతాబ్దంలో తెలుగు పద్యాలలో రచించాడు. కాస్తీలియన్ వచనం అంతకుముందే వచ్చింది. ఆ వచనాన్ని రాసినవారి పేరు మాత్రం గ్రంథంలో లేదు.