ఒకే పంక్తిపై రెండు చేతులు

ఒకే వ్రాతప్రతిని ఇరువురు దిద్దుట రేడియో కార్యాలయములలో నిత్యము జరుగు పనియే. ఒకరు కొట్టివేసిన మాటను వేరొకరు మరల వ్రాయుటయు, దానిపై వాదము పెరుగుటయు మేమెరిగినదే. ఆ ఇరువురును వేర్వేరు దేశములలో నుండి, ఒకే క్షణమున ఒకే కంప్యూటరు ప్రోగ్రామును దిద్దబూనినచో ఏమగును?

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగర సభలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, సుమారు 30 మైళ్ల దూరమున మెన్లో పార్కులోనున్న సహచరునితో ఒకే పత్రమును తెరపై చూచుచు సంభాషించెను. ఇద్దరి సూచికలును ఆ తెరపై కదలాడినవి. కాని మార్పుచేయు అధికారమును ఎంగెల్‌బార్ట్ తనయొద్దనే ఉంచుకొనెను. సహచరుడు చూపగలడు, దిద్దలేడు. అసలు చిక్కు అచ్చటనే ఉన్నది.

"సుగుణము" అను మాట ఇరువురి తెరలపైనను ఉన్నదనుకొందము. ఒకరు మొదటి అక్షరమును తీసివేసిరి. అదే క్షణమున రెండవవారు నాలుగవ అక్షరము తరువాత "లు" చేర్చిరి. ఈ ఆజ్ఞ మొదటివారిని చేరుసరికి అచ్చట మిగిలినవి మూడే అక్షరములు! నాలుగవది ఏది? 1989లో టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరమున పనిచేయుచుండిన క్లారెన్స్ ఎల్లిస్, సైమన్ గిబ్స్ అనువారు దీనికొక ఉపాయము చెప్పిరి. అందిన ఆజ్ఞను ఉన్నదున్నట్లు పాటింపక, ఈలోపల జరిగిన మార్పునుబట్టి "నాలుగు"ను "మూడు"గా సవరించి పాటింపవలెను. అప్పుడు ఇరు తెరలపైనను "గుణములు" అనియే నిలుచును. ఎవరి శ్రమయు చెడదు, ఎవరును ఎవరికొరకును వేచియుండ నక్కరలేదు. (అమెరికాలో కంప్యూటరు శాస్త్రమున డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయుడు ఈ ఎల్లిస్‌యే.) వారి తొలి సూత్రమున లోపము లుండెను, వాటి సవరణ పెక్కేండ్లు సాగినది.

ఈలోగా స్వచ్ఛంద ప్రోగ్రాము రచయితలు ఈ ఉపాయముతో పనిలేకయే ముందుకు నడచిరి. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌కు నానాదేశస్థులు తమతమ తీరిక వేళల మార్పులు వ్రాసి ఈమెయిలున పంపుచుండిరి. ఒకరికి పగలైనపుడు వేరొకరికి అర్ధరాత్రి గదా! 2005లో టోర్వాల్డ్స్ రచించిన గిట్ ఈ పద్ధతినే స్థిరపరచెను. అదే సంవత్సరమున వెలువడిన గాబీ అను ఉచిత సాధనము మాత్రము పలువురు కలిసి వ్రాయుటకు వీలు కల్పించెను. ఉబుంటు రచయితలు తమ సమావేశములలో దానిని వాడిరి, ప్రోగ్రాములకన్న చర్చల వివరములు వ్రాసికొనుటకే ఎక్కువగా.

2008లో ఈథర్‌ప్యాడ్ వచ్చెను. 2009 డిసెంబరులో గూగుల్ సంస్థ దానిని కొని, సేవను మూసివేయుదుమని ప్రకటింపగా వాడుకరులు గట్టిగా అభ్యంతరము తెలిపిరి. ఆ నెలలోనే దాని మూలరచన అందరికిని విడుదలయ్యెను. 2010లో ఆ సేవ ముగిసినను సాధనము నశింపలేదు. స్వచ్ఛంద రచయితలు దానిని కొత్తగా వ్రాసి నేటికిని పోషించుచున్నారు.

సగము వ్రాసిన వాక్యమును మనుష్యుడు ఊహించి చదువుకొనగలడు. సగము వ్రాసిన ఆజ్ఞతో ప్రోగ్రాము నడువదు. ప్రక్కవాడు వ్రాయుచుండగా తన మార్పును పరీక్షించుట కష్టము. కాబోలు, ఈథర్‌ప్యాడ్‌ను పోషించువారు సైతము దాని మూలరచనను ఈథర్‌ప్యాడ్‌లో గాక గిట్‌లోనే, ఎవరి వేళకు వారు, దిద్దుచున్నారు.