ఓమ్ నియమము

ఓమ్ నియమము విద్యుచ్ఛాస్త్రంలోని మౌలిక నియమాలలో ఒకటి. ఉష్ణోగ్రత, ఇతర భౌతిక పరిస్థితులు స్థిరంగా ఉన్నపుడు ఒక లోహ వాహకంలోని విద్యుత్ ప్రవాహం, ఆ వాహకపు రెండు కొనల మధ్య గల పొటెన్షియల్ భేదానికి (వోల్టేజికి) అనులోమానుపాతంలో ఉంటుందని ఈ నియమము తెలుపుతుంది. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ (1789-1854) దీనిని ప్రయోగపూర్వకంగా నిరూపించి, 1827లో గ్రంథరూపంలో ప్రకటించాడు.

వోల్టేజి ÷ విద్యుత్ ప్రవాహం = నిరోధము

వోల్టేజిని వోల్టులలోను, ప్రవాహాన్ని ఆంపియర్లలోను కొలిస్తే నిరోధము ఓములలో వస్తుంది.

చరిత్ర

ఓమ్ కొలోన్ నగరంలో పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేస్తూ ఈ పరిశోధన చేశాడు. 1825లో అతడు వాడిన బ్యాటరీల వోల్టేజి ప్రయోగం మధ్యలోనే తగ్గిపోతుండేది. పోగెన్‌డార్ఫ్ సలహాపై 1826లో రాగి, బిస్మత్ లోహాలతో చేసిన ఉష్ణయుగ్మాన్ని వాడాడు. దాని ఒక సంధిని మరిగే నీటిలోను, రెండవ సంధిని మంచులోను ఉంచడం వలన వోల్టేజి నిలకడగా ఉండినది. వేర్వేరు పొడవులు గల రాగి తీగలను కలిపి, అయస్కాంత సూచి సాయంతో ప్రవాహాన్ని కొలిచాడు. మొదట ఆదరణ పొందని ఈ కృషికి 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చింది.

హెన్రీ కావెండిష్ 18వ శతాబ్దంలోనే ఇటువంటి ఫలితాన్ని కనుగొన్నాడు గాని ప్రకటించలేదు. అతని రాతలను మాక్స్‌వెల్ 1879లో వెలువరించాడు.

ప్రయోగశాలలో పరిశీలన

బ్యాటరీ, ప్లగ్ కీ, రియోస్టాటు, అమ్మీటరు, నిరోధ తీగలను శ్రేణిలో కలపాలి. వోల్టుమీటరును తీగ కొనలకు సమాంతరంగా కలపాలి. రియోస్టాటును జరుపుతూ రెండు మీటర్ల రీడింగులను నమోదు చేయాలి. ఉదాహరణకు, 5 ఓముల తీగకు రావలసిన విలువలు:

వోల్టులు : ఆంపియర్లు
0.5 : 0.1
1.0 : 0.2
1.5 : 0.3
2.0 : 0.4

ఈ విలువలతో గ్రాఫు గీస్తే మూలబిందువు గుండా పోయే సరళరేఖ వస్తుంది. తీగ వేడెక్కితే నిరోధము మారుతుంది. కనుక రీడింగు తీసుకునే సమయంలో మాత్రమే కీని మూయాలి.

పరిమితులు

వోల్టేజిని ప్రవాహంతో భాగించి ఏ పరికరానికైనా నిరోధము కట్టవచ్చు. అంతమాత్రాన ఆ పరికరం ఓమ్ నియమాన్ని పాటించినట్లు కాదు. వోల్టేజి మారినా ఆ నిష్పత్తి మారకుండా ఉండడమే నియమము.

230 వోల్టుల, 60 వాట్ల టంగ్‌స్టన్ ఫిలమెంటు బల్బు వెలుగుతున్నపుడు దాని నిరోధము సుమారు 880 ఓములు. చల్లగా ఉన్నపుడు అందులో పదవ వంతు కంటే తక్కువ. కనుక దాని గ్రాఫు సరళరేఖ కాదు, వక్రరేఖ. డయోడు, ట్రాన్సిస్టరు వంటి అర్ధవాహక సాధనాలు, విద్యుత్ ఉత్సర్గ నాళంలోని వాయువులు కూడా ఈ నియమాన్ని పాటించవు. ఇటువంటి వాటిని అఓమీయ వాహకాలు అంటారు.