ప్రభుత్వ బడి మూతపడితే... పొరుగు బడి ఎంత దూరం?

విద్యార్థుల సంఖ్య తగ్గిందంటూ ప్రభుత్వ బడులను పక్క బడుల్లో కలిపేయడం దేశంలో కొత్తేమీ కాదు. రాజస్థాన్ 2014లోనే ఈ పనిని పెద్ద ఎత్తున చేపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117 ప్రకారం 3, 4, 5 తరగతులను దగ్గర్లోని ఉన్నత పాఠశాలలకు తరలించారు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాల నుంచి వ్యతిరేకత రావడంతో 2025లో ఆ జీవోను ఉపసంహరించారు. పేరు విలీనమైనా, హేతుబద్ధీకరణ అయినా, మ్యాపింగ్ అయినా పిల్లల వైపు నుంచి ప్రశ్న ఒక్కటే: కొత్త బడి ఎంత దూరం?

చట్టం ఏం చెబుతోంది?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6–14 ఏళ్ల పిల్లలకు ‘ఆవాస ప్రాంత పాఠశాల’లో ఉచిత విద్యకు హామీ ఇచ్చింది. కేంద్ర నిబంధనల ప్రకారం 1–5 తరగతుల బడి నడిచి వెళ్లగలిగేలా ఒక కిలోమీటరులో, 6–8 తరగతుల బడి మూడు కిలోమీటర్లలో ఉండాలి. వరదలు, కొండచరియల ముప్పు ఉన్నచోట, రోడ్లు లేనిచోట ఈ పరిమితిని ఇంకా తగ్గించాలి. బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా, వసతి వంటి ఏర్పాట్లు చేయాలి.

ప్రభుత్వాల వాదన

చిన్న బడులతో ఇబ్బంది ఉన్న మాట నిజమే. 2016–17 యూడైస్ లెక్కల్ని ఉటంకిస్తూ జాతీయ విద్యా విధానం–2020 చెప్పిన ప్రకారం, ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో దాదాపు 28 శాతం, ప్రాథమికోన్నత బడుల్లో 14.8 శాతం 30 మంది లోపు పిల్లలతోనే నడిచాయి. ఏకోపాధ్యాయ బడులు 1,08,017. 6–8 తరగతులకు సైన్స్–గణితం, సాంఘిక శాస్త్రం, భాషలకు కనీసం ఒక్కో టీచరైనా ఉండాలని చట్టం చెబుతోంది. ఇరవై మంది పిల్లలున్న బడికి ఇంతమందిని ఇవ్వలేమన్నది ప్రభుత్వాల వాదన. అయితే టీచర్లు లేకపోవడంతో పిల్లలు తగ్గిన బడిని, పిల్లలు లేరనే కారణంతో మూసేస్తే తప్పు ఎవరిది?

కోర్టుకెక్కిన వివాదం

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2025 జూన్ 16న తక్కువ మంది పిల్లలున్న బడుల ‘పెయిరింగ్’కు ఆదేశాలిచ్చింది. సీతాపుర్ పిల్లల తరఫున వేసిన పిటిషన్లను అలహాబాద్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం జులై 7న కొట్టేసింది. అదే నెల 24న డివిజన్ బెంచ్ ఆ జిల్లా వరకు యథాతథ స్థితి కొనసాగించాలని ఆదేశించింది.

పొరుగు బడికి వెళ్లేవారి హక్కులు

బడి మారే పిల్లలకు ప్రధానోపాధ్యాయులు వెంటనే టీసీ ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. పాఠశాల యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. చేర్చుకునే బడిలో గదులు, మరుగుదొడ్లు, టీచర్లు సరిపోతాయో లేదో అడగాల్సింది ముందుగా ఈ కమిటీలే.

మ్యాపులో మూడు కిలోమీటర్లు చిన్న గీతే. ఆ దారిలో వాగు, హైవే, మనుషులు తిరగని మలుపు ఉంటే ముందుగా చదువు ఆపేది ఆడపిల్లలే. విలీనం మంచిదో కాదో తేల్చాలంటే మిగిలిన ఖర్చుతో పాటు, పాత బడి రిజిస్టర్‌లోని పేర్లలో ఎన్ని కొత్త బడి హాజరు పట్టీకి చేరాయో కూడా లెక్కించాలి.