దూరవాణి గంట

మన ధర్మపురి ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల యిండ్లలో నేటికిని కొన్ని పాత వస్తువులు నిలిచియున్నవి. ఇత్తడి మరచెంబు, తాళముచెవితో త్రిప్పు గోడగడియారము, తాతగారి చేతికఱ్ఱ. వీని సరసన, హాలులో ఒక మూల, వేలితో త్రిప్పు డయలు గల టెలిఫోను. దానిపై అల్లికగుడ్డ యొకటి కప్పియుండును. సెలవులకు వచ్చిన పిల్లలు డయలు త్రిప్పి ఆడుకొందురు. రిసీవరు చెవి కానించినచో ఏమియు వినబడదు. దీనిని మరల మ్రోగించుట సాధ్యమా యని మన సంఘ సభ్యులు పలువురు అడుగుచుందురు. సాధ్యమే. అయితే ఆ గంటను పూర్వము ఎవరు మ్రోగించుచుండిరో ముందు తెలిసికొనవలెను. అది మన యింటి విద్యుత్తు కాదు.

టెలిఫోను పుట్టినపుడు దానికి గంటయే లేదు. 1876లో అలెగ్జాండరు గ్రాహం బెల్లు పేటెంటు పొందిన యంత్రము మాటను మోసెను గాని, మాటలాడవలసినవానిని పిలువజాలకపోయెను. ఆవలివాడు యంత్రమునొద్ద కూర్చుండియున్న సరియే. లేనిచో ఇవతలివాడు గొట్టములో కేకలు వేయవలెను, లేదా లోపలి పలుచని రేకును పెన్సిలుతో తట్టవలెను. బెల్లుగారి యింటిపేరే గంట యను అర్థము నిచ్చుచుండగా, ఆయన యంత్రమునకు నికరమైన గంట నమర్చిన ఖ్యాతి మాత్రము సహాయకుడైన థామస్ వాట్సనుకు దక్కినది. 1878 నాటి ఆ యేర్పాటే స్వల్పమైన మార్పులతో మన యిండ్ల టెలిఫోనుల వరకు వచ్చినది. రెండు చిన్న లోహపు గిన్నెలు, నడుమ నొక సుత్తి, దాని క్రింద తీగచుట్లు, ఒక శాశ్వతాయస్కాంతము. విద్యుత్తు ఒక దిశను పారిన సుత్తి కుడి గిన్నెను తాకును. దిశ మారిన ఎడమ గిన్నెను తాకును. దిశ మారుచునే యుండవలెను. అందువలన బ్యాటరీ విద్యుత్తుతో ఈ గంట మ్రోగదు. ఒకమారు టక్కుమని ఊరకుండును.

దక్షిణదేశమునకు టెలిఫోను వచ్చుట మనము తలచునంత ఆలస్యముగా జరుగలేదు. 1881లో ఓరియంటల్ టెలిఫోను కంపెనీ కలకత్తా, బొంబాయి, మద్రాసు, అహమ్మదాబాదులలో ఎక్స్ఛేంజిలు నెలకొల్పుటకు అనుమతి పొందెను. మద్రాసు ఎక్స్ఛేంజి ఎర్రబాలు శెట్టి వీధిలో వెలసెను. ఆ వీధి పేరులోని ఎఱుపు మన తెలుగుదే గదా యని సంతోషించుటకు మించి ఇందు మనవారి గొప్ప యేమియు లేదు. ఆ కాలపు టెలిఫోనులకు డయలు లేదు. ప్రక్కనున్న పిడిని గిరగిర త్రిప్పినచో పెట్టెలోని చిన్న విద్యుద్యంత్రము ఎక్స్ఛేంజిలో సూచన నిచ్చును. అచటి మనిషి నంబరు అడిగి, త్రాడు తగిలించి కలుపును.

ఆ మనిషిని తప్పించినవాడు అమెరికాలోని కాన్సాస్ నగరములో శవసంస్కారముల వ్యాపారము చేయుచుండిన ఆల్మన్ స్ట్రోజరు. తన పోటీదారుని యింటి స్త్రీ ఎక్స్ఛేంజిలో కూర్చుండి తన బేరములను దారి మళ్ళించుచున్నదని అతడు అనుమానించెనట. కోపము వచ్చినవాడు దావా వేయును. ఇతడు యంత్రము కనిపెట్టెను. 1891లో పేటెంటు లభించెను, 1892లో లా పోర్ట్ అను ఊర తొలి స్వయంచాలక ఎక్స్ఛేంజి తెరవబడెను, 1896లో వేలితో త్రిప్పు డయలు పుట్టెను. మన దేశమున ఇట్టి ఎక్స్ఛేంజి మొదట సిమ్లాలో 1913-14 ప్రాంతమున వచ్చినది.

ఇక మన యిండ్లలోని టెలిఫోనుల పుట్టినిల్లు చాలవరకు మనకు పొరుగుననే యున్నది. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, బెంగుళూరున ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ కర్మాగారము స్థాపింపబడెను. లివర్పూలుకు చెందిన ఒక ఆంగ్ల సంస్థ సాయముతో స్ట్రోజరు పద్ధతి యంత్రములను, డయలు టెలిఫోనులను అచట చేయసాగిరి. ఆ కర్మాగారపు కాలనీకి దూరవాణినగర మని పేరు. తమిళులు తొలైపేసి యన్న దానిని కన్నడిగులును మనమును దూరవాణి యనియే అందుము. హోసూరు మీదుగా బెంగుళూరు పోవు మనవారికి ఆ పేరును అర్థము చేసికొనుటకు అనువాదకుడు అక్కరలేకపోయెను. మీ యింటి టెలిఫోనును తలక్రిందులు చేసి చూడుడు, అడుగున ఐ.టి.ఐ. అను ముద్ర కనబడవచ్చును.

ఆ దినములలో ఇంటికి టెలిఫోను వచ్చుట సామాన్యము కాదు. దరఖాస్తు పెట్టి ఏండ్లకేండ్లు వేచియుండిన కుటుంబములు కోకొల్లలు. వచ్చిన తరువాత అది ఒక యింటి సొత్తుగా నిలువక వీధి సొత్తయ్యెను. చిత్తూరుకో, కుప్పమునకో మాట్లాడవలెనన్న ట్రంకు కాలు బుక్ చేయవలెను. సాధారణము, అర్జెంటు, లైట్నింగు అని తరగతులు. ఫలానా మనిషియే రావలెనన్న పీ.పీ. కాలు. బుక్ చేసినవారు భోజనము మాని గంట కొరకు చెవి యొగ్గి కూర్చుండెడివారు. లక్నో, కాన్పూరుల నడుమ 1960లో నేరుగా డయలు చేయు సౌకర్యము మొదలైనను, అట్టి సౌకర్యము దేశమంతట వ్యాపించుటకు దశాబ్దములు పట్టెను.

ఇందు మన కుటుంబములకు ప్రత్యేకముగా చెందిన సంగతి యొకటి యున్నది. దీనిని గూర్చి ఎవరును అంతగా వ్రాయలేదని మా తలంపు. మనము వీధిలో తమిళము మాట్లాడుదుము. పిల్లలు బడిలో తమిళమో ఇంగ్లీషో చదువుదురు. ఇంటిలో తెలుగున్నను అది వంటింటి మేరకు కుదించుకొనిపోవుచుండెను. అట్టి యింటి నడిహాలులో గంట మ్రోగగానే తాతగారు రిసీవరు ఎత్తి, దూరపు లైనులో వినబడదను భయమున, గొంతెత్తి "ఏమిరా నాయనా, వానలు పడినాయా? మీ వదిన కులాసానా?" అని అడిగెడివారు. ఆ తెలుగును ఇల్లంతయు వినెడిది. మేనత్త, పెదనాన్న, తోడల్లుడు అను వరుసలన్నియు పిల్లల చెవిని పడెడివి. ఎవరి పొలమున బోరు వేసిరో, ఎవరి పిల్లకు సంబంధము కుదిరెనో తెలిసెడిది. నేడు ప్రతివారి చేతను ఒక సెల్ ఫోనున్నది. మాట్లాడువారు మేడమీదికో పెరటిలోనికో పోవుదురు. మాటలు తగ్గలేదు గాని, విను పిల్లలు లేరు. పాత టెలిఫోనును మ్రోగించుట కేవలము వేడుకయని మేము తలంపకపోవుటకు కారణ మిదియే.

ఇక గంట మ్రోగు తీరు. ఎక్స్ఛేంజిలో పెద్ద బ్యాటరీలుండెను. అవి సుమారు 50 వోల్టుల ఏకదిశా విద్యుత్తును రాగితీగలపై ప్రతి యింటికిని పంపుచుండెను. పిలుపు వచ్చినపుడు ఎక్స్ఛేంజి ఆ తీగలపైననే 75 వోల్టుల ప్రాంతముననున్న, సెకనుకు 25 ఆవృత్తులు గల విద్యుత్తును వదలెడిది. అనగా సుత్తి ఒక్కొక్క గిన్నెను సెకనుకు ఇరువదియైదు మారులు కొట్టును. నాలుగు పదులవంతుల సెకను మ్రోత, రెండు పదులవంతుల విరామము, మరల అంతే మ్రోత, ఆపై రెండు సెకనుల మౌనము. ఆ జంట మ్రోత ఆంగ్లేయుల పద్ధతి. అమెరికాలో రెండు సెకనుల ఒంటి మ్రోతయు నాలుగు సెకనుల మౌనమును. ఊరిలో కరెంటు పోయి చీకటి క్రమ్మినను మన టెలిఫోను మ్రోగుచుండుటలోని రహస్య మిదియే. ఎక్కడనో నున్న ఎక్స్ఛేంజియే మన గంటను తన చేతితో కొట్టుచుండెను.

1984లో సీ-డాట్ సంస్థ వెలసి, 1986లో కర్ణాటకలోని కిట్టూరున దాని గ్రామీణ ఎక్స్ఛేంజి నెలకొన్న తరువాత స్ట్రోజరు యంత్రముల టకటకలు క్రమముగా అణగిపోయెను. అయినను పాత టెలిఫోనునకు హాని కలుగలేదు. ఎక్స్ఛేంజి ఎలక్ట్రానికు దయ్యెను గాని, ఇంటికి వచ్చు రాగితీగయు, దానిపై వచ్చు వోల్టులును అవియే. తెగుదల వచ్చినది రాగి పోయి గాజుతంతువు వచ్చినపుడు. గాజు వెలుగును మోయును, విద్యుత్తును మోయదు. కాబట్టి ఎక్స్ఛేంజి చేయుచుండిన పనిని నేడు మన గోడకు తగిలించిన ఫైబరు పెట్టె చేయవలెను. అరచేయి వెడల్పు గల ఆ పెట్టెయే నేటి మన ఎక్స్ఛేంజి. దానికి కరెంటు పోయిన టెలిఫోనును మూగయే.

ఆ పెట్టె వెనుక టెలిఫోను కొరకు చిన్న రంధ్ర మొకటి చాలవానిలో నుండును. పాత టెలిఫోను త్రాటి కొనను నేటి జాకు అమర్చి అందు దూర్చవలెను. రెండు తీగలు చాలును. మొదట రిసీవరు ఎత్తి చూడుడు. డయలు ధ్వని వినబడినచో సగము పని యైనది. పిమ్మట సెల్ ఫోనుతో మీ యింటి నంబరునే పిలువుడు. గంట నీరసముగా మ్రోగినను, సుత్తి వణకి ఊరకున్నను నిరాశ వలదు. నేటి పెట్టెలలో పలువాని గంట విద్యుత్తు పూర్వపు 75 వోల్టుల కన్న తక్కువ. అమెరికా పద్ధతికి అమర్చినవి సెకనుకు 20 ఆవృత్తులే పంపును. వానిలో కొన్నిటి అమరికలను మార్చి 25 ఆవృత్తులును, మన జంట మ్రోతయు వచ్చునట్లు చేయవచ్చును. సేవ నిచ్చువారు తాళము వేసియుంచినచో వారినే అడుగవలెను. ఆ లైనుపై వేరొక టెలిఫోనున్న తీసివేయుడు, బలము పంచుకొనబడును. అప్పటికిని మ్రోగకున్న లోపమును టెలిఫోనులోననే వెదకవలెను. గంటకు ముందున్న కండెన్సరు ముసలిదై యుండవచ్చును. దానిని మార్చుట రేడియో రిపేరు తెలిసినవారికి కష్టము కాదు. సుత్తిని ఒక ప్రక్కకు లాగిపట్టు సన్నని స్ప్రింగును కొంచెము సడలించినను, గిన్నెలను పట్టియున్న మరలను వదులు చేసి వెండ్రుకవాసి త్రిప్పినను ప్రాణము వచ్చుట కలదు. ఇవి చేయుటకు ముందు జాకును ఊడదీయవలెను. గంట విద్యుత్తు చేతికి తగిలిన ఝల్లుమనును. గంట మ్రోగునో లేదో చూతమని ఇంటి 230 వోల్టుల కరెంటును దానికి తగిలించుట మాత్రము ఎన్నడును కూడదు.

కొన్ని దుకాణములలో లోపలి భాగములన్నియు పెరికి, క్రొత్త టెలిఫోను పలకను చొప్పించి, గంట ధ్వనిని చిన్న స్పీకరుతో వినిపించెదరు. పైకి పాతదే. మాకది సమ్మతము కాదు. తంబురకు తీగలు తీసి లోపల రేడియో పెట్టినట్లుండును.

గంట మ్రోగి, మాట వినబడిన తరువాత మిగిలినది డయలు. పిలుపు నందుకొనుటకు డయలుతో పని లేదు గాన, ఇంతటితో తృప్తి పడినను పడవచ్చును. పాత డయలు వదలినపుడు వెనుకకు పోవుచు లైనును సెకనుకు పది మారులు త్రెంచి కలుపును. ఐదుకు ఐదు త్రెంపులు, సున్నకు పది. న్యూజీలాండులో ఈ వరుస తలక్రిందు, అచట తొమ్మిదికి ఒక్క త్రెంపే. విదేశపు టెలిఫోను కొనువారు దీనిని గమనింపవలెను. నేటి పెట్టెలు ఎక్కువగా 1963లో అమెరికాలో వాడుకకు వచ్చిన జంట స్వరముల నంబర్లనే గుర్తించును, త్రెంపులను లెక్కింపవు. లెక్కించునవి కొన్ని యున్నవి. లేనిచో త్రెంపులను స్వరములుగా మార్చు చిన్న పరికరమును నడుమ నుంచవలెను.

మాట్లాడునపుడు మన గొంతు ఆవలివారికి బొంగురుగా వినబడినచో, నోటి దిక్కునున్న మైకులోని బొగ్గు రవ్వలు గడ్డకట్టియుండును. రిసీవరును అరచేతిపై రెండు మూడు మారులు మెల్లగా తట్టిన విడిపోవును. సెల్ ఫోనును పిలుచువారు 2021 జనవరి నుండి నంబరునకు ముందు సున్న చేర్చవలసియున్నది. ఆ పదునొకండు అంకెలు త్రిప్పుటకు ఇరువది సెకనుల వరకు పట్టును. చిత్తూరు బంధువుల ఇంటి టెలిఫోనును పిలుచుటకు ముందుగా 08572 త్రిప్పవలెను. ఆ ఐదంకెలకే ముప్పదిరెండు త్రెంపులు. డయలు తిరిగి వచ్చుచున్నంతసేపు హాలులోనివారు ఎవరికి చేయుచున్నారని అడుగుదురు.