ముప్పై పౌండ్ల మీద తిరుగుబాటు

ఖాతాలో డబ్బు చాలక ఒక్క చెల్లింపు వెనక్కి వస్తే చాలు, 2000ల మొదట్లో బ్రిటన్ బ్యాంకులు 30 పౌండ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కోసేవి. ఆ కోతవల్లే మరో చెల్లింపు ఆగేది. దానికి మళ్లీ జరిమానా. నలిగిపోయింది చాలీచాలని జీతాలవాళ్లే.

2005 తర్వాత జనం ఎదురుతిరిగారు. సమాచార రక్షణ చట్టం కింద 10 పౌండ్లు కట్టి ఆరేళ్ల స్టేట్‌మెంట్లు తెప్పించుకున్నారు. జరిమానాలన్నీ కూడి, వాపసు ఇమ్మని ఉత్తరం రాశారు. ఇవ్వకపోతే లాయరు లేకుండానే చిన్న మొత్తాల దావా వేశారు. చాలాసార్లు విచారణకు ముందే బ్యాంకులు డబ్బు తిరిగిచ్చేశాయి. చెల్లింపు వెనక్కి వస్తే తమకు నిజంగా అయ్యే ఖర్చుల లెక్క కోర్టులో విప్పడం వాటికి ఇష్టం లేదనే అనుకోవాలి.

2007లో వినియోగదారుల ప్రయోజనాలు చూసే ప్రభుత్వ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్, ఈ ఛార్జీల మీద బ్యాంకులతో కోర్టుకెక్కింది. కింది కోర్టుల్లో గెలిచింది. 2009 నవంబరు 25న సుప్రీంకోర్టు మాత్రం, ఈ ఛార్జీలు సేవల ధరలో భాగమని, ఆ ధర సబబా కాదా అన్నది వినియోగదారుల ఒప్పందాల్లోని అన్యాయమైన షరతులపై ఉన్న నిబంధనల కింద తేల్చలేమని చెప్పింది. ఛార్జీలు న్యాయమైనవని అనలేదు. అయినా ఈ తీర్పు కోసం ఆగి ఉన్న దావాలు చాలావరకు మూతపడ్డాయి.